కాపుదల ఎవరిది?

మన భాషలో ‘కాపు’ అనే మాటకు అర్థాలు చాలా వున్నాయి. పొలానికి పెట్టే కావలి కాపు. మిరపచెట్టుకు దిగేది కాపు. భూమి సేద్యం చేసే ఆసామి కాపు. ఈ మూడింటి మధ్య కూలికి పోయి బతుకుతున్న మాల మాదిగ పల్లెల్లో నూటయాభై యేళ్లుగా మరొక మాట వినిపిస్తున్నది: దేవుని కాపుదల. గుంటూరు, ప్రకాశం జిల్లాల క్రైస్తవుల యిళ్లల్లో ప్రయాణానికి ముందు, పురిటికి ముందు, పత్తికి మందు కొట్టడానికి చేలోకి దిగేముందు ఆ మాట తలుచుకుంటారు. అక్షరం రాని ముసలమ్మకు కూడా 91వ కీర్తన నోటికి వస్తుంది.

ఆ మాట అనుకునే ముసలమ్మతో నాకు తగాదా లేదు. నా తగాదా ఇద్దరితో. ఆ మాటను వేదికలెక్కి అమ్ముకునేవారితో ఒకటి. ఆ మాట వినగానే నవ్వి తప్పుకునే మన మిత్రులతో రెండవది. పల్లెలో పుట్టి, కళాశాలలో పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి కనుక ఈ యిద్దరి మాటలూ నా చెవిన పడుతూనే వుంటాయి. ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారని నా అభియోగం. కాపుదల అంటే ఆకాశం నుంచి ఒంటరి మనిషికి దిగివచ్చే రక్షణ అని ఇద్దరూ అనుకుంటున్నారు. ఒకరు దాన్ని వుందంటారు, ఒకరు లేదంటారు. ఈ నేల మీద ఆ మాట ఎన్నడు నిజమయింది, ఎన్నడు అబద్ధమయింది అని ఇద్దరూ అడగరు.

ముందు వేదికల సంగతి చూద్దాం.

స్వస్థత సభలలో సాక్ష్యం చెప్పే పద్ధతి అందరూ ఎరిగినదే. బస్సు బోల్తాపడింది, పదిమంది పోయారు, ప్రార్థన చేసుకుని ఎక్కాను గనుక నేను బతికాను అని ఒకాయన చెపుతాడు. సభ అంతా స్తోత్రం అంటుంది. పోయిన పదిమందిలో ప్రార్థన చేసుకుని ఎక్కినవాడు ఒక్కడూ లేడా? వుండే వుంటాడు. కాని వాడు మైకు ముందుకు రాలేడు. బతికినవాళ్లను మాత్రమే సాక్షులుగా పిలిచే విచారణలో తీర్పు ఎప్పుడూ ఒకే విధంగా వస్తుంది. ఇటువంటి విచారణను మనం గ్రామ పెత్తందార్ల దగ్గర ఒప్పుకోము. వేదిక మీద ఎందుకు ఒప్పుకోవాలి?

ఈ సాక్ష్యాన్ని కారంచేడుకు తీసుకుపోదాం. 1985 జూలై 16న నాటి ప్రకాశం జిల్లాలోని ఆ వూళ్లో, మాదిగపల్లెవాళ్లు మంచినీళ్లు తెచ్చుకునే చెరువును మురికి చేస్తుంటే అడ్డుచెప్పారు. కొట్టవచ్చినవాళ్లకు మున్నంగి సువార్త అనే స్త్రీ బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, జూలై 17న, కమ్మ భూస్వాములు ఆయుధాలతో పల్లె మీద పడ్డారు. పారిపోతున్నవాళ్లను చేలల్లో తరిమి నరికారు. ఆరుగురు మాదిగలు హతులయ్యారు. స్త్రీలు అత్యాచారాలకు గురయ్యారు. ఎదిరించిన స్త్రీ పేరు సువార్త. చనిపోయినవారి పేర్లలో మోషే వుంది. సముద్రాన్ని చీల్చి జనాన్ని దాటించినవాడి పేరు పెట్టుకున్న మనిషికి ఆ పొద్దున ఒక పంటకాలవ కూడా దారి యివ్వలేదు.

ఆరేళ్లు గడిచాయి. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో అదే జరిగింది. ఎనిమిదిమంది దళితులను చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పారవేశారు. ఆ పల్లెల్లో ప్రార్థన లేక కాదు. బైబిలు లేక కాదు. ఇక వేదిక మీది ఉపదేశకుడు ఆ శవాల ముందు నిలబడి ఏమి చెపుతాడు? నేను విన్నంతవరకు వాళ్ల దగ్గర మూడు జవాబులున్నాయి.

మొదటిది: చనిపోయినవారి విశ్వాసంలో లోపం వుంది, లేదా యింట్లో ఒప్పుకోని పాపం ఏదో వుంది. ఇది హంతకుడికి గొడ్డలి కడిగి యివ్వడంతో సమానం. పైగా ఇది వాళ్ల గ్రంథానికే విరుద్ధం. యోబు స్నేహితులు ముగ్గురూ సరిగ్గా ఈ వాదనే చేస్తారు: నీకు ఇంత కష్టం వచ్చిందంటే నీలో పాపం వుండాలి అని. గ్రంథం చివర దేవుడి కోపం మొరపెట్టిన యోబు మీదకు పోదు, ఆ ముగ్గురు సుద్దులు చెప్పినవాళ్ల మీదకు పోతుంది. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోతే వాళ్లు తక్కినవారికంటే పాపులా అన్న ప్రశ్నకు యేసు కాదనే జవాబు చెప్పినట్లు లూకా సువార్త 13వ అధ్యాయంలో వుంది.

రెండవ జవాబు: దేవుని చిత్తం మనకు అందదు. వినడానికి ఇది వినయంగా వుంటుంది. కాని చెరువు ఎవరి అజమాయిషీలో వుంది, భూమి ఎవరి పేర వుంది, ఠాణా ఎవరి మాట వింటుంది అనేవి పరలోక రహస్యాలు కావు. పట్టపగలు అందరికీ కనిపించేదాన్ని మర్మమని పిలిస్తే ఎవరికి లాభమో ఆలోచించండి. హంతకుల చిత్తం తెలిసి వుండగా దేవుని చిత్తం కోసం వెదకమనడం దర్యాప్తును తప్పుదారి పట్టించడమే.

మూడవ జవాబు: శరీరం పోయినా ఆత్మ భద్రంగా వుంది. సరే, కాపుదల ఆత్మకు సంబంధించినదే అయితే బస్సు ప్రమాదంలో బతికినవాడికి మైకు ఎందుకు ఇచ్చారు? కాన్సరు మానిందని గోడలకు పోస్టర్లు ఎందుకు వేశారు? బతికితే శరీరం లెక్క, చస్తే ఆత్మ లెక్క అంటే, ఇది నష్టమన్నదే చూపించని వర్తకుడి చిట్టా.

ఇక 91వ కీర్తన సంగతి. నమ్మినవాణ్ణి తెగులు అంటదు, దూతలు మోస్తారు అనే భావం అందులో వుంది. యేసును ఆలయ శిఖరం మీద నిలబెట్టి కిందికి దూకమని పురికొల్పుతూ ఈ కీర్తనను ఎత్తిచూపినవాడు ఎవరు? అపవాది. మత్తయి 4వ అధ్యాయం తెరిచి ఎవరైనా చూసుకోవచ్చు. యేసు దూకలేదు. ఆపద నీకు రాదనే పూచీకత్తుగా ఆ కీర్తనను వాడడం శోధకుడి పని అని సువార్త రాసినవాడే తేల్చాడు. అదే యేసు సిలువ మీద వున్నప్పుడు, దేవుడు వీణ్ణి కాపాడతాడేమో చూద్దామని ఎగతాళి చేసినవారున్నారు. వాళ్ల తర్కం నేటి స్వస్థత వేదిక తర్కమే: కాపాడబడినవాడే దేవుడి మనిషి. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో విశ్వాసంతో సింహాల నోళ్లు మూసినవారిని చెప్పి, వెంటనే అదే విశ్వాసంతో రంపాలతో కోయబడినవారిని చెపుతారు. రెండవవారికి విశ్వాసం తక్కువని అక్కడ లేదు.

క్రైస్తవ పండితులలో నిజాయితీపరులు ఈ చిక్కును దాచలేదు. నాజీల చెరలో వున్న జర్మను పాస్టరు డీట్రిష్ బోన్‌హోఫర్, మనిషికి తోడు రాగలిగినది శక్తిమంతుడైన దేవుడు కాదు, బాధపడే దేవుడే అని 1944లో రాసుకున్నాడు. 1945 ఏప్రిల్ 9న అతన్ని ఉరితీశారు. బోన్‌హోఫర్ మాటను నేను నమ్మవలసిన పనిలేదు, గౌరవించగలను. ఎందుకంటే అది చనిపోయినవారి ముందు నిలబడి చెప్పగలిగిన మాట. కారంచేడు విధవరాలి ముందు చెప్పలేని సిద్ధాంతాన్ని గుంటూరు మైదానంలో లక్షమంది ముందు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఆ వేదిక కిందికి జనం ఎందుకు పోతున్నారు? మూఢత్వం అనేస్తే పని తేలిక అవుతుంది, సంగతి తెలియదు. 1987–88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు ఈ రెండు జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చచ్చిపోయారు. పదేళ్ల తర్వాత 1997–98లో మళ్లీ అదే చావు. పురుగును చంపలేని మందు మనిషిని చంపింది. చనిపోయినవారిలో కౌలుదార్లు ఎందరో. కౌలుదారుకు పంట మీద హక్కు పత్రం కావాలంటే, 2019 నాటి చట్టం ప్రకారం భూయజమాని ఒప్పందం మీద సంతకం పెట్టాలి. పెట్టేవారు ఎందరు? సంతకం లేకపోతే బాంకు అప్పు లేదు, పంట బీమా లేదు. మిరపకోతకు పోయిన ఆడమనిషికి కళ్లమంట, దగ్గు పట్టుకుంటే చూపించుకునే ఆస్పత్రి దూరం, ఖర్చు భారం. భూమి, బాంకు, బీమా, వైద్యం, ఏ కాపుదలా లేనిచోట, ఖర్చులేని కాపుదల ఒకటి వుందని ఎవడు చెప్పినా చెవి వొగ్గుతారు. తీరా పోతే అది ఖర్చులేనిది కాదు. దశమభాగం వుంది, కానుక వుంది, నూనెసీసా వుంది. చందా కట్టించుకుని, నష్టం వచ్చిననాడు నీ విశ్వాసం చాలలేదని తప్పుకునే బీమా కంపెనీ మరెక్కడైనా వుందా?

పల్లె పాస్టరును ఈ వేదికల వారితో కలిపి తిట్టడం నా ఉద్దేశం కాదు. అతను చాలాచోట్ల కూలివాడి కొడుకే. శవం దగ్గర రాత్రంతా కూర్చునేది అతనే. నా విమర్శ కాపుదలను సరుకు చేసిన వ్యాపారం మీద.

ఇప్పుడు మన మిత్రుల వంతు.

మతం మత్తుమందు అన్న మార్క్సు మాటను వీళ్లు వెంటనే అప్పజెపుతారు. 1844లో ముద్రించిన ఆ వ్యాసంలో ఆ మాటకు ముందు వాక్యాలున్నాయి. మతపరమైన వేదన నిజమైన వేదనకు వ్యక్తరూపమనీ, దానికి వ్యతిరేకంగా నిరసన కూడాననీ, అణగారిన ప్రాణి నిట్టూర్పు అనీ మార్క్సు అక్కడ చెప్పాడు. సగం చదివి వదిలేసినవాడు మన పల్లెల చరిత్రను కూడా సగమే చదివాడు.

ఆ చరిత్ర ఒంగోలు నుంచి చూడాలి. 1866లో అక్కడ స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దగ్గరకు ముందు వచ్చినవారు యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగలు. కొత్తగా చేరినవారికి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పనిచేయరాదు, చచ్చిన గొడ్డు తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. బోధకుడికి ఇవి మతనియమాలు. భూస్వామికి మాత్రం అవి వేరే విధంగా వినిపించాయి. ఆదివారం పనిచేయము అంటే మోటకు తోలుబొక్కెన కుట్టేవాడు ఆ రోజు రాడు. విగ్రహానికి మొక్కము అంటే జాతరలో డప్పు మోగదు. ఏడు రోజులూ వెట్టి అయిన మనిషి వారానికి ఒకరోజు నాది అన్నాడు. దీన్ని సమ్మె అనకపోతే మరేమనాలి? అందుకే దెబ్బలు పడ్డాయి, నీళ్లు బంద్ అయ్యాయి. వాళ్లు తట్టుకున్నది ఊరంతా కలిసి అన్నారు గనుక. ఒక్కడే అని వుంటే మర్నాడే వంగిపోయేవాడు.

1876–78 కరువు చూడండి. మద్రాసు రాజధానిలో లక్షలమంది మాడి చచ్చారు. దేశంనుంచి ధాన్యం ఓడలెక్కి పోతూనే వుంది. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి సహాయపు పనుల్లో కూలివాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలునని నిర్ణయించాడు. ఆ సమయంలో క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టుకు తీసుకున్నాడు. బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, ఆకలితో వచ్చినవారికి పని యిచ్చి కూలి యిచ్చాడు. తిండికోసం మతంలోకి వచ్చారనే మాట రాకుండా కరువు పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. మిషను పుస్తకాలు ఈ అంకెను అద్భుతమంటాయి. నాకు అందులో అద్భుతం కనిపించదు. తమను బతికించింది పనీ, కూలీ అని ఆ జనానికి తెలుసు. ఆ కూలి చేతిలో పెట్టినవారి వెంట నడిచారు. ఆ కాపుదల పారకు, తట్టకు, రోజు కూలికి సంబంధించినది.

క్లౌ సామ్రాజ్యాన్ని ప్రశ్నించలేదు. కరువును తెచ్చిన పాలన కిందనే కరువు పని చేయించాడు. మిషన్ల తర్వాత వచ్చిన సంఘాలు కులాన్ని గుడి బయట వదిలిపెట్టలేదు. ఫిరంగిపురం వైపు రెడ్డి క్రైస్తవులున్నారు, మాల మాదిగ క్రైస్తవులున్నారు. మొక్కేది ఒకే సిలువకు, సంబంధం కలుపుకునేది ఎవరి కులంలో వారే. ఇదంతా చెప్పవలసిందే. కాని ఇదంతా చెప్పిన తర్వాత కూడా, ఆదివారం నాది అన్న మాదిగవాణ్ణి మత్తులో వున్నవాడని అనడానికి నాకు నోరు రాదు.

వినుకొండలో పుట్టిన జాషువా కూడా ఈ పల్లెల క్రైస్తవుడే. ఆయన ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. అందులో అంటరానివాడు తనను రక్షించమని దేవుణ్ణి బతిమాలుతూ కూర్చోడు. తన గోడు కాశీలోని శివుడి దాకా చేర్చమని గబ్బిలాన్ని పంపిస్తాడు. అది ఫిర్యాదు. యోబు చేసింది కూడా ఫిర్యాదే. మొరకూ ఫిర్యాదుకూ తేడా తెలియని విమర్శకుడు జాషువాను చదవలేడు, పల్లెనూ చదవలేడు.

ఇక అసలు విషయం. దేవుని కాపుదల చాలునని వేదిక చెపుతున్నది. అదే పల్లెకు రాజ్యం ఏమి చెపుతున్నదో గమనించారా? 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడవ పేరా హిందువు కానివాణ్ణి ఆ జాబితానుంచి తీసివేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులూ ముసల్మానులూ బయటే వున్నారు. మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే క్రైస్తవుడు, తోటి చెప్పులు కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన బంకు తనకూ ఇమ్మని సుప్రీంకోర్టుకు పోయాడు. మతం మారిన తర్వాత కూడా అంతే తీవ్రమైన కులబాధ మిగిలి వుందని రుజువు చాలదని కోర్టు అతని పిటిషను కొట్టివేసింది. ఆ తీర్పు తేదీ 1985 సెప్టెంబరు 30. కారంచేడు జరిగి మూడు నెలలు కాలేదు. రుజువు కారంచేడు చేలల్లో పడి వుంది.

అట్రాసిటీ చట్టం 1989లో వచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవుడై పాస్టరుగా పనిచేస్తున్న మనిషి తనను కులం పేర దూషించి కొట్టారని ఆ చట్టం కింద పెట్టిన కేసు చెల్లదన్నది. ఆ కేసు కూడా ఈ గుంటూరు సీమదే. అంటే కొట్టేవాడికి బాధితుడి కులం గుర్తుంటుంది, బాప్తిస్మం గుర్తుండదు. చట్టానికి బాప్తిస్మం గుర్తుంటుంది, కులం గుర్తుండదు. నీకు దేవుడున్నాడు గనుక చట్టం అక్కరలేదు అని ఉపదేశకుడు, నీకు ఆ దేవుడున్నాడు గనుక చట్టం దొరకదు అని రాజ్యం. ఈ రెండు మాటలూ కలిసి పల్లెను ఆసామి చేతికి అప్పగిస్తున్నాయి. కాపుదల సిద్ధాంతానికి నేను ఇంత కాగితం ఖర్చుపెట్టింది అందుకే.

జాబితాలో వున్నవాడికైనా చట్టం తనంతట తాను దక్కలేదు. కారంచేడు కేసులో 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు శిక్ష వేసేసరికి 23 యేళ్లు గడిచిపోయాయి. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని బాధితులు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడేదాకా నిలబడ్డారు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. గెలిచినంత మేరకు గెలిచింది సాక్షులు. భయపెట్టినా, ఆశపెట్టినా బోనెక్కి చూసింది చూసినట్టు చెప్పిన పల్లెజనం. వేదిక మీది సాక్ష్యానికీ ఈ సాక్ష్యానికీ పేరు ఒక్కటే. మొదటిది నేను బతికానని చెపుతుంది. రెండవది చనిపోయినవాడి పక్షాన మాట్లాడుతుంది. క్రైస్తవ సంఘం ఏ సాక్ష్యాన్ని ఎన్నుకుంటుందో తేల్చుకోవాలి.

ఒకసారి తేల్చుకుంది కూడా. 1985 జూలైలో కారంచేడునుంచి పరుగెత్తి వచ్చిన జనం చీరాలలో చర్చి ఆవరణలో తల దాచుకున్నారు. అక్కడ శిబిరం నడిచింది. అన్నం వండారు, పేర్లు రాశారు, లాయర్లు వచ్చారు, విద్యార్థులు వచ్చారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారి నాయకత్వాన అదే సంవత్సరం దళిత మహాసభ పుట్టింది. వెనక్కి పోము అన్నవారికి చీరాలలో విజయనగర్ కాలనీ లేచింది. 91వ కీర్తనలోని ఆశ్రయం అనే మాటకు ఈ జిల్లాలో నాకు తెలిసిన సరైన వ్యాఖ్యానం ఆ గేటు తెరుచుకోవడమే. మత్తయి 25వ అధ్యాయంలోని తీర్పు కూడా ఇదే కొలత పెడుతుంది: ఆకలిగొన్నవాడికి పెట్టావా, పరదేశిని చేర్చుకున్నావా అని అడుగుతుంది గాని, నీకు ఎన్ని ప్రమాదాలు తప్పాయని అడగదు. అంటే కాపుదల ఒక మనిషికి దేవుడు రాసిచ్చిన పత్రం కాదు. తోటివాడి పట్ల మనిషి మీద వున్న బాకీ. దేవుణ్ణి నమ్మేవాడు ఆ బాకీని దేవుడు పెట్టాడంటాడు. నేను చరిత్ర పెట్టిందంటాను. బాకీ తీర్చేచోట మా యిద్దరికీ పేచీ వుండనవసరం లేదు.

కనుక సంఘ పెద్దలను అడుగుతున్నాను. 1950 ఉత్తర్వు మూడవ పేరాను ఆదివారం ఆరాధనలో ఎన్నిసార్లు చదివి వినిపించారు? కౌలు పత్రం కోసం, మిరపకోత కూలి రేటు కోసం, కొట్టిన కేసులో సాక్షుల కోసం చర్చి గేటు ఇంకొకసారి తెరుస్తారా? సమాధుల స్థలానికి దారి లేని పల్లెల జాబితా మీ దగ్గర వుందా?

మన మిత్రులనూ అడుగుతున్నాను. పల్లెలో ప్రార్థన జరుగుతున్నప్పుడు బయట సిగరెట్టు కాల్చుకుంటూ నిలబడి, తర్వాత సభకు జనం రాలేదని ఎందుకు వాపోతారు? శవం దగ్గర రాత్రంతా కూర్చునే పాస్టరుకు వున్న ఓపిక మీకు ఎందుకు లేదు? దేవుని కాపుదల అబద్ధమని నిరూపించడానికి ఒక గంట చాలు. కూలివాడికి మరొక కాపుదల చూపించడానికి ఏళ్లు పడుతుంది. అది చూపించనంతకాలం ఆ ముసలమ్మ నోటినుంచి 91వ కీర్తనను తీసివేసే అర్హత మనకు లేదు.